బ్రనో కొండవాలులో ఏడున్నరేళ్ల కాపురం

బ్రనో మనకు పూర్తిగా తెలియని ఊరేమీ కాదు. స్కూల్లో జీవశాస్త్రం చదివినవాళ్లందరికీ గుర్తుండే గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కలు పెంచింది ఈ ఊరి మఠంలోనే. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైనికులు మోసిన బ్రెన్ తుపాకీకి మూలరూపం ఇక్కడి ఆయుధ కర్మాగారంలో తయారైందే. చెక్ రిపబ్లిక్‌లో ప్రాగ్ తర్వాత పెద్ద నగరం ఇది. ఒకప్పుడు ఊరి చుట్టూ ఉన్ని మిల్లుల పొగగొట్టాలు ఉండేవి. 'మొరావియా మాంచెస్టర్' అనేవారు. ఆ మిల్లుల యజమానుల్లో చాలామంది జర్మన్ మాట్లాడే యూదులు.

ఊరి నడిబొడ్డు నుంచి ఉత్తరంగా వెళ్తే లుజాంకీ పార్కు వస్తుంది. అది దాటాక నేల ఎత్తవుతూ పోతుంది. ఆ కొండమీద చెర్నోపోల్నీ వీధి, 45వ నంబరు ఇల్లు. రోడ్డు మీంచి చూస్తే అక్కడేదో గొప్ప కట్టడం ఉందని ఎవరికీ అనిపించదు. తెల్లటి గోడ, ఒక గ్యారేజీ, పాలరంగు అద్దం తిరిగిన గుమ్మం, అంతే. ఒకే అంతస్తు అనుకుంటాం. నిజానికి ఇల్లు వాలు వెంట కిందికి దిగుతుంది. రోడ్డు మట్టాన ఉన్నవి పడకగదులు. మెలి తిరిగిన మెట్లు దిగి కింది హాల్లో అడుగుపెట్టినవాళ్లు ఒక్క క్షణం మాట మర్చిపోతారు. నేల నుంచి కప్పు దాకా అద్దాలు. బయట వాలుగా జారిపోయే పచ్చిక, చెట్లు, దూరంగా స్పిల్‌బర్క్ కోట. బరువు మోసే గోడలు లేవు, క్రోమియం పూత వేసిన సన్నటి ఉక్కు స్తంభాలున్నాయి. మీట నొక్కితే రెండు భారీ అద్దాలు కరెంటు మోటారు మీద నేలలోకి దిగిపోతాయి. అప్పుడిక గదికీ తోటకీ మధ్య ఏమీ ఉండదు.

ఇదే టుగెండ్‌హట్ ఇల్లు. జర్మన్ వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రో కట్టినది. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు దేశదేశాల నుంచి వచ్చి స్తంభం అడ్డుకోతను, తలుపు పిడిని, మెట్ల కమ్మీని ఫొటోలు తీసుకుని వెళ్తారు. లోపలికి వెళ్లే టూరుకు నెలల ముందే టికెట్లు అయిపోతాయి. ఆ కట్టడం గొప్పతనం మీద పుస్తకాలెన్నో ఉన్నాయి. నాకు చెప్పాలనిపించింది వేరు. ఈ ఇంట్లో ఒక కుటుంబం కాపురం ఉంది. ప్రాణభయంతో ఇల్లు వదిలింది. వాళ్ల పేరు ఇంటికి మిగిలింది గానీ, వాళ్ల కథ మాత్రం ఆ ఇంటికి చేరడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

పుట్టింటి తోటలో పెళ్లికానుక

గ్రెటా 1903లో పుట్టారు. తండ్రి ఆల్‌ఫ్రెడ్ లోవ్ బేర్. ఉన్ని బట్టల మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు నడిపే పెద్ద వంశం వాళ్లది. ఆయన 1913లో కొన్న ఇల్లు కొండ అడుగున, పార్కుకు ఎదురుగా ఉంది. దాని తోట వాలు వెంట పైదాకా సాగుతుంది. మొదటి పెళ్లి నిలవక, హన్నా అనే కూతురితో ఉన్న గ్రెటా, 1928లో బెర్లిన్‌లో ఫ్రిట్జ్ టుగెండ్‌హట్‌ను పెళ్లాడారు. ఆయనదీ బ్రనోలో బట్టల వ్యాపారం చేసే యూదు కుటుంబమే. తోటలో పైభాగాన్ని ఆల్‌ఫ్రెడ్ కూతురికి పెళ్లికానుకగా రాసిచ్చారు. ఇల్లు కట్టే ఖర్చూ ఆయనే పెట్టుకున్నారు.

బెర్లిన్‌లో ఉన్న రోజుల్లో గ్రెటా, మీస్ కట్టిన ఒక ఇంటిని చూసి ముచ్చటపడ్డారు. ఆయన్నే పిలిపించారు. 1928 సెప్టెంబరులో మీస్ వచ్చి వాలును చూసి వెళ్లారు. ఆ ఏడాది చివరి రోజున, డిసెంబరు 31న, బెర్లిన్‌లో ఆయన ఆఫీసులో నక్షా ముందు కూర్చున్న దంపతులు అర్ధరాత్రి దాకా లేవలేదు. 1929 వేసవిలో పని మొదలై, 1930 డిసెంబరులో గృహప్రవేశమైంది.

ఖర్చుకు వెనుకాడలేదు. హాలు మధ్యలో నిలబెట్టిన తేనెరంగు ఆనిక్స్ రాతి గోడ మొరాకోలోని అట్లాస్ పర్వతాల నుంచి వచ్చింది. చలికాలంలో సూర్యుడు కిందికి వాలినప్పుడు కిరణాలు ఆ రాయిని దాటి అవతలి వైపు ఎర్రగా వెలుగుతాయి. భోజనాల బల్ల చుట్టూ అర్ధచంద్రాకారంలో వంచిన చెక్క గోడ ఉంది. ఇండోనేసియాలోని సులవేసీ దీవిలో పెరిగే మకాసర్ ఎబొనీ చెట్టు కలప అది. మన అడవుల్లో బీడీ ఆకు కోసే తునికి చెట్టు, ఆ చెట్టు ఒకే ప్రజాతికి చెందినవి. కుర్చీల దగ్గర్నుంచి తెరల దాకా చాలా వరకు మీస్, ఆయన సహచరి లిల్లీ రైష్ ఈ ఇంటి కోసమే గీశారు. అందులో ఒక కుర్చీకి ఊరి పేరు, మరోదానికి కుటుంబం పేరు పెట్టారు. ఆ కుర్చీలు నేటికీ తయారవుతున్నాయి.

ఇల్లు పూర్తయిన మరుసటి ఏడాదే బెర్లిన్ పత్రిక 'డీ ఫోర్మ్'లో చర్చ లేచింది. ఇది మనుషులుండే ఇల్లా, చూసిపోయే ప్రదర్శనా అని విమర్శకులు అడిగారు. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా జవాబు రాశారు. ఆ విశాలమైన గది తమను అణిచివేయలేదనీ, అందులో తమకు స్వేచ్ఛ, మనశ్శాంతి దొరికాయనీ గ్రెటా వాదించారు. ఎర్న్‌స్ట్ 1930లో, హెర్బర్ట్ 1933లో పుట్టారు. పైఅంతస్తు డాబా మీద పిల్లలకు ఇసుక తొట్టి ఏర్పాటైంది. ఫ్రిట్జ్‌కు ఫొటోల పిచ్చి. ఫొటోలు తీసి తనే కడిగేవారు. కదిలే బొమ్మలు కూడా తీసేవారు. మొక్కల గదిలో గ్రెటా, డాబా మీద పిల్లలు, మంచు పడ్డ తోట, అన్నీ ఆయన కెమెరాలోకి ఎక్కాయి. పత్రికల కోసం తీసిన ఫొటోల్లో మనుషులు కనిపించరు. ఫ్రిట్జ్ తీసినవాటిలో ఇంటినిండా మనుషులే. ఈ తేడా ఎంత విలువైందో తర్వాత చెబుతాను.

1938 మే

1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి రాగానే అక్కడి యూదులు, కమ్యూనిస్టులు, రచయితలు సరిహద్దు దాటి చెకొస్లొవేకియాలోకి రావడం మొదలైంది. గ్రెటా మానవ హక్కుల సంఘం తరఫున ఆ శరణార్థులకు సాయం చేసే పనిలో దిగారు. సహాయనిధి కోసం జరిపే కార్యక్రమాలకు ఈ హాలునే ఇచ్చారు. అవతల ఏం జరుగుతోందో ఆమెకు పేపర్లు చదివి తెలియలేదు. అనుభవించి వచ్చినవాళ్లు చెబితే విన్నారు. 1938 మార్చి 12న హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి నడిచినప్పుడు, ఇక్కడికీ ఇంకెంతో దూరం లేదని ఆమెకు అర్థమైపోయింది. ఆస్ట్రియా సరిహద్దు బ్రనోకు అరవై కిలోమీటర్లు కూడా ఉండదు.

మే నెలలో కుటుంబం స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్‌కు వెళ్లిపోయింది. సామాన్లు కొన్ని వెంట వెళ్లాయి. ఆనిక్స్ గోడ, చెక్క గోడ కదిలేవి కావు. అవి ఉండిపోయాయి. ఆ ఇంట్లో వాళ్ల కాపురం ఏడున్నరేళ్లు.

వాళ్లు వెళ్లగలిగారంటే దానికి డబ్బు ఉండటం, విదేశాల్లో వ్యాపార సంబంధాలు ఉండటం, ముందుగానే ప్రమాదాన్ని పసిగట్టడం, మూడూ కలిసొచ్చాయి. ఇది దాచాల్సిన విషయం కాదు. నాజీల నుంచి తప్పించుకోవడానికి తెలివి ఒక్కటే చాలదు. వీసా కావాలి, దాన్ని ఇచ్చే దేశం కావాలి, ప్రయాణానికి సొమ్ము కావాలి. ఆ మూడూ లేనివాళ్లు బ్రనోలో వేలమంది ఉన్నారు.

ఉన్నా కాలం కలిసిరానివాళ్లూ ఉన్నారు. 1939 మార్చి 15న జర్మన్ సైన్యం బ్రనోలోకి వచ్చింది. కొండ అడుగున ఉన్న ఆల్‌ఫ్రెడ్ అప్పటిదాకా కదల్లేదు. ఆ తర్వాత దేశం దాటాలని బయల్దేరారు. ఏప్రిల్‌లో పశ్చిమ బొహీమియాలోని స్త్రీబ్రో పట్టణం దగ్గర రైలు పట్టాల పక్కన ఆయన శవం దొరికింది. దూకారా, తోశారా, కాల్చారా, ఎవరూ తేల్చలేదు. కూతురు ఎంత ముందుగా బయల్దేరిందో, తండ్రి ఎంత ఆలస్యంగా బయల్దేరారో లెక్కేస్తే తేడా పది నెలలు. ఒకే తోటకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు ఉన్న తండ్రీకూతుళ్ల మధ్య చావుబతుకుల తేడా అది.

1941 నవంబరు నుంచి బ్రనో యూదులను మెర్‌హౌటోవా వీధిలోని ఒక స్కూల్లో పోగుచేసి రైళ్లెక్కించారు. నవంబరు 16న బయల్దేరిన మొదటి రైలు దాదాపు వెయ్యిమందితో బెలారస్‌లోని మిన్స్క్ నగరానికి వెళ్లింది. వాళ్లలో ప్రాణాలతో మిగిలినవాళ్లు ఇరవై మంది కూడా లేరు. తర్వాతి రైళ్లు తెరెజీన్ శిబిరానికి, అక్కడి నుంచి తూర్పున ఉన్న చంపుడు శిబిరాలకు. యుద్ధం ముగిసేలోపు ఈ ఊరి నుంచి, చుట్టుపక్కల నుంచి పదివేల మందికి పైగా యూదులను ఇలా తరలించారు. టుగెండ్‌హట్, లోవ్ బేర్ బంధువుల్లో వెళ్లలేకపోయినవాళ్లు కొందరు ఆ శిబిరాల్లోనే పోయారు.

స్విట్జర్లాండ్ కూడా నిలవనీడ అనిపించలేదు. సాంక్ట్ గాలెన్ నుంచి చూస్తే హిట్లర్ రాజ్యం ఎదురుగానే ఉంది. ఈ దేశం మీదికీ వస్తే ఇక దారి ఉండదన్న భయంతో 1941 మొదట్లో వాళ్లు వెనెజ్వేలాకు వెళ్లిపోయారు. కారకాస్‌లో ఫ్రిట్జ్ మళ్లీ బట్టల మిల్లు పనిలో పడ్డారు. అక్కడే 1942లో రూత్, 1946లో డానియేలా పుట్టారు. బ్రనో ఇంటిని కంటితో చూడకుండానే ఆ ఇంటి పేరుతో పెరిగిన ఆడపిల్లలు వాళ్లు. 1950లో కుటుంబం స్విట్జర్లాండ్‌కు తిరిగొచ్చింది. 1958లో ఫ్రిట్జ్ చనిపోయారు.

గుర్రాలు, నాట్యం, పిల్లల వెన్నెముకలు

ఇక్కడ ఇల్లేమైందో కూడా చెప్పుకోవాలి. 1939 అక్టోబరులో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో స్వాధీనం చేసుకుంది. 1942లో రిజిస్టర్లో యజమాని పేరు మారి జర్మన్ రాజ్యం పేరు పడింది. విమాన ఇంజిన్లు చేసే ఒక కంపెనీ డైరెక్టర్ 1943 నుంచి ఇందులో ఉన్నాడు. గుమ్మం దగ్గరి పాలరంగు అద్దం స్థానంలో ఇటుక గోడ లేచింది. 1944 నవంబరు బాంబుదాడికి పెద్ద అద్దాలు పగిలాయి. 1945 ఏప్రిల్‌లో ఊరిని విముక్తం చేసిన సోవియట్ అశ్వికదళం హాల్లో గుర్రాలను కట్టేసింది. చెక్క సామాను చాలా వరకు పొయ్యిలోకి పోయింది.

యుద్ధం ముగిశాక ఒక నాట్య ఉపాధ్యాయిని ఇక్కడ స్కూలు పెట్టారు. 1950ల నుంచి పక్కనున్న పిల్లల ఆసుపత్రి ఈ హాలును తీసుకుంది. వెన్నెముక వంగిన పిల్లలకు వ్యాయామం చేయించే చోటుగా మారింది. ఆనిక్స్ గోడ ముందు చెడ్డీలు వేసుకున్న పిల్లలు వరసల్లో నిలబడి చేతులెత్తుతున్న ఫొటోలు ఆ కాలానివి ఉన్నాయి. ఆ పిల్లలకు ఈ ఇల్లు మేలే చేసింది. నాకు అందులో తప్పేమీ కనిపించదు. అయితే ఈ హాలు ఎవరిదని ఆ పిల్లలకు చెప్పేవాళ్లు మాత్రం ఊళ్లో మిగల్లేదు.

ఎందుకు మిగల్లేదో కాస్త వివరంగా చూడాలి. యూదులు శిబిరాలకు పోయారు. 1945 మే చివర్లో, యుద్ధం ముగిసిన మూడు వారాలకు, బ్రనోలో జర్మన్ మాట్లాడే ఇరవై వేల మందికి పైగా మనుషులను, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లను, ఆస్ట్రియా సరిహద్దు వైపు నడిపించి వెళ్లగొట్టారు. దారిలో ఎంతోమంది రాలిపోయారు. నగరం దానికి విచారం ప్రకటించింది 2015లో. ఈ రెండు ఘటనలతో గ్రెటా కుటుంబానికి తెలిసిన ఇరుగుపొరుగు, వాళ్లతో కలిసి చదువుకున్నవాళ్లు, వాళ్ల మిల్లుల్లో పనిచేసినవాళ్లు చాలావరకు తుడిచిపెట్టుకుపోయారు. జర్మన్ మాట్లాడే యూదులైతే యుద్ధం తర్వాత ఇంకో చిక్కులో పడ్డారు. పాత జనగణనలో జర్మన్లమని రాయించుకున్నవాళ్ల ఆస్తులకు శత్రువుల ఆస్తుల గతే పట్టింది. హిట్లర్‌కు యూదులయ్యారు, విముక్తమైన దేశానికి జర్మన్లయ్యారు. 1948లో కమ్యూనిస్టులు వచ్చాక మూడో ముద్ర పడింది, మిల్లు యజమానులని. ఇన్ని ముద్రల కింద ఒక ఇంటివాళ్ల కథ పూడిపోవడం ఆశ్చర్యం కాదు. ఊరి జ్ఞాపకం అనేది గాల్లో ఉండేది కాదు, అది మనుషుల్లో ఉంటుంది. ఆ మనుషులను తీసేశాక ఇల్లు ఎంత అందంగా నిలబడినా మూగదే.

1960ల్లో ఫ్రాంటిషెక్ కలివోడా అనే స్థానిక వాస్తుశిల్పి ఈ ఇంటిని కాపాడాలని ఉద్యమించారు. 1963లో ప్రభుత్వం దీన్ని సాంస్కృతిక స్మారకంగా ప్రకటించింది. కలివోడా పట్టుబట్టి గ్రెటాను వెతికి ఉత్తరాలు రాశారు. 1967లో, దాదాపు ముప్ఫై ఏళ్ల తర్వాత, ఆమె తన ఇంటి గుమ్మం తొక్కారు. 1969 జనవరి 17న బ్రనోలో జరిగిన సదస్సులో ఈ ఇల్లు ఎలా కట్టించుకున్నామో స్వయంగా ప్రసంగించారు. ఇవాళ ఇంటి నిర్మాణం గురించి మనకు తెలిసిన సంగతుల్లో చాలా భాగం ఆ ఒక్క ప్రసంగంలోవే. అప్పటికి ఐదు నెలల కిందటే సోవియట్ ట్యాంకులు చెకొస్లొవేకియాను తొక్కేశాయి. మరుసటి ఏడాది, 1970లో, సాంక్ట్ గాలెన్‌లో జరిగిన ప్రమాదంలో గ్రెటా చనిపోయారు. ఇంటి బాగు చూడకుండానే పోయారు.

చిన్న కూతురు చేసిన పని

కారకాస్‌లో పుట్టిన డానియేలా కళాచరిత్రకారిణి అయ్యారు. వియన్నాలో స్థిరపడి, అక్కడి కళల విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. వియన్నా నుంచి బ్రనోకు రైలులో గంటన్నర. ఇనుప తెర ఉన్నంతకాలం ఆ గంటన్నర చాలా దూరం. 1989లో కమ్యూనిస్టు పాలన కూలాక దారి తెరుచుకుంది. తనెన్నడూ ఉండని పుట్టింటి గురించి ఆమె ఒక పండితురాలి క్రమశిక్షణతో పని మొదలుపెట్టారు. మరో కళాచరిత్రకారుడు వుల్ఫ్ టెగెట్‌హోఫ్‌తో కలిసి 1998లో పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత దాన్ని బాగా విస్తరించారు.

ఆ పుస్తకం చేసిన గొప్ప పని, ఫ్రిట్జ్ ఫొటోలను లోకం ముందు పెట్టడం. అప్పటిదాకా వాస్తు పుస్తకాల్లో కనిపించిన టుగెండ్‌హట్ ఇల్లు మనిషి లేని గాజుగది. ఈ ఫొటోల్లో పిల్లలున్నారు, పూలకుండీలున్నాయి, చదివిన పుస్తకాలున్నాయి. 1931లో పత్రికలో గ్రెటా వాదించిన మాటకు ఆమె భర్త కెమెరా సాక్ష్యం చెప్పినట్టయింది. ఇంకో ఉపయోగమూ ఉంది. 2010 నుంచి 2012 దాకా ఇంటిని పూర్తిగా పునరుద్ధరించినప్పుడు, ఏ మూల ఏముందో తేల్చుకోవడానికి ఆ ఫొటోలు ఆధారమయ్యాయి. డానియేలా భర్త ఇవో హామర్ గోడల సంరక్షణలో నిపుణుడు. ఆ పనిని పర్యవేక్షించిన అంతర్జాతీయ కమిటీకి ఆయనే అధ్యక్షుడు.

ఈ పునరుద్ధరణ సమయంలోనే ఎవరూ ఊహించనిది బయటపడింది. భోజనాల బల్ల చుట్టూ ఉన్న మకాసర్ చెక్క గోడ 1940కే మాయమైంది. యుద్ధంలో కాలిపోయి ఉంటుందనే అందరూ అనుకున్నారు. 1980ల్లో ఇంటిని బాగుచేసినప్పుడు వేరే చెక్కతో నకలు పెట్టి సరిపెట్టుకున్నారు. 2011లో కళాచరిత్రకారుడు మిరొస్లావ్ ఆంబ్రోజ్ ఇంటి సామాను ఎటెటు పోయిందో వెతుకుతూ మసరిక్ విశ్వవిద్యాలయం లా ఫ్యాకల్టీ భవనానికి వెళ్లారు. అక్కడి భోజనశాల గోడలకు నల్లటి చారల చెక్క పలకలు బిగించి ఉన్నాయి. అవి ఈ ఇంటివే. వంపు గోడను విప్పి, పలకలుగా కోసి, అక్కడ సరిపడేలా అమర్చారు.

అక్కడికి ఎందుకు చేరిందంటే, చెక్ విశ్వవిద్యాలయాలను 1939లో నాజీలు మూసేశాక ఆ భవనం బ్రనో గెస్టపో కేంద్రమైంది. పగలు మనుషులను ప్రశ్నించి చిత్రహింస పెట్టిన అధికారులు సాయంత్రం తాగి తిని సేదతీరే గదికి ఒక యూదు ఇంటి భోజనాల గోడను ఊడబెరికి తెచ్చి అలంకరించుకున్నారు. యుద్ధం తర్వాత ఆ గది అలాగే ఉండిపోయింది. ప్రభుత్వాలు మారాయి, విశ్వవిద్యాలయం తిరిగొచ్చింది, తరాల పిల్లలు ఆ పలకల పక్కన కూర్చుని అన్నం తిన్నారు. న్యాయశాస్త్రం చదువుకునే పిల్లలకు దోచిన సొత్తు ఏడు దశాబ్దాల పాటు కళ్లెదుటే ఉంది. వాళ్లను అనాల్సిందేమీ లేదు. దోపిడీ వస్తువు ఎప్పుడూ నేలమాళిగల్లోనే దాక్కుని ఉండదు. అందరి మధ్యా మామూలు గోడలా నిలబడి ఉంటుంది. అది ఎవరిదని అడిగే మనిషి రావాలి.

పలకలను విప్పి తెచ్చి, తగ్గినచోట అదే కలపతో పూరించి, మళ్లీ అర్ధచంద్రాకారంలో నిలబెట్టారు. 2012 మార్చిలో ఇల్లు సందర్శకులకు తెరుచుకుంది.

అడిగినవి, దక్కినవి

గోడ ఇంటికి వచ్చింది, ఇల్లు మాత్రం ఇంటివాళ్లకు రాలేదు. హాల్లో ఆనిక్స్ గోడ దగ్గర ఉండే విల్‌హెల్మ్ లేంబ్రుక్ శిల్పం, తల పక్కకు తిప్పిన స్త్రీ మొండెం, మొరావియన్ గ్యాలరీలో తేలింది. 2006లో దాన్ని కుటుంబానికి తిరిగిచ్చారు. మరమ్మతులు ఏళ్ల తరబడి వాయిదా పడుతుంటే విసిగి 2007లో కుటుంబం ఇంటినే తిరిగి అడిగింది. ఇల్లు నగరం చేతుల్లోనే ఉండిపోయింది. ఇది అందరూ చూడాల్సిన ఇల్లు, మ్యూజియంగా ఉండటమే మంచిదని నేనూ అనుకుంటాను. కానీ తిరిగిచ్చి, వాళ్లే మ్యూజియంకు అప్పగించేలా చూసుంటే ఆ మాటకు ఇంకా బరువుండేది. అలా చేయడానికి 1989 తర్వాత సమయం బోలెడుంది.

నగరం ఈ ఇంటిని మరో పేరుతో కూడా గుర్తుంచుకుంటుంది. 1992 ఆగస్టు 26న చెక్ నేత వాట్స్‌లావ్ క్లౌస్, స్లొవాక్ నేత వ్లాదిమిర్ మెచియార్ ఈ తోటలో చెట్టు కింద కూర్చుని చెకొస్లొవేకియాను రెండు దేశాలుగా విడదీయడానికి ఒప్పుకున్నారు. సైమన్ మావర్ ఈ ఇంటి స్ఫూర్తితో రాసిన నవల 'ద గ్లాస్ రూమ్' 2009లో బుకర్ తుది జాబితాకెక్కింది, సినిమా కూడా అయింది. నవలలోని కల్పిత దంపతులను జనం తమ తల్లిదండ్రులుగా భావించడం గ్రెటా పిల్లలకు నచ్చలేదు. వాళ్ల బాధ నాకు న్యాయంగానే తోస్తుంది. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు రెండోసారి కథ కూడా చేజారుతుంటే ఎలా ఉంటుంది?

2017 మే నెలలో 'మీటింగ్ బ్రనో' ఉత్సవం ఆ వంశాల వారసులను పిలిచింది. లోవ్ బేర్, టుగెండ్‌హట్, స్టియాస్ని అనే మిల్లు కుటుంబాల నుంచి వందమందికి పైగా వచ్చారు. ఒకరికొకరు బంధువులమని అక్కడే తెలుసుకున్నవాళ్లూ ఉన్నారు. గ్రెటా పెద్ద కొడుకు ఎర్న్‌స్ట్ కథ వాళ్లందరిలో వేరు. ఆయన ప్రసిద్ధ తత్వవేత్త. కారకాస్‌లో కుర్రవాడిగా ఉండగానే జర్మన్ తత్వవేత్త హైడెగర్‌ను చదివారు. 1949లో, కుటుంబాన్ని తరిమేసిన దేశానికే, ఒకప్పుడు నాజీ పార్టీలో సభ్యుడిగా ఉన్న హైడెగర్ దగ్గర చదవడానికి ఫ్రైబర్గ్ వెళ్లారు. అంత తొందరగా సయోధ్యకు సిద్ధపడ్డందుకు తర్వాతి కాలంలో తనను తానే తప్పుపట్టుకున్నారు. 2023లో, తొంభై మూడేళ్ల వయసులో, ఫ్రైబర్గ్‌లోనే కన్నుమూశారు.

బ్రనోకు ఉత్తరాన బ్రనెనెట్స్ అనే పల్లె ఉంది. 'షిండ్లర్స్ లిస్ట్' సినిమా చూసినవాళ్లకు తెలిసిన చోటే. ఆస్కర్ షిండ్లర్ 1944 చివర్లో దాదాపు 1,200 మంది యూదులను తెచ్చి యుద్ధం ముగిసేదాకా బతికించిన ఫ్యాక్టరీ అక్కడిది. ఆ ఫ్యాక్టరీని నాజీలు ఎవరి దగ్గర లాక్కున్నారన్నది సినిమాలో రాదు. అది లోవ్ బేర్ వంశంలోని మరో శాఖవారి బట్టల మిల్లు. యుద్ధం తర్వాత అది ప్రభుత్వ మిల్లయి, మూతపడి, కప్పులు కూలే దశకు చేరింది. ఆ శాఖకు చెందిన డానియేల్ లోవ్ బేర్ ముందు నిలిచి ఒక సంస్థ పెట్టి, 2025 మేలో అక్కడ ప్రాణాలతో మిగిలినవాళ్ల మ్యూజియం తెరిచారు.

బ్రనో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. అందరూ ముందు పైన ఉన్న గాజు ఇంటికి వెళ్తారు. అది కాకుండా కొండ అడుగున ద్రోబ్నేహో వీధిలో ఉన్న ఆల్‌ఫ్రెడ్ ఇంటితో మొదలుపెట్టండి. అదీ 2015 నుంచి మ్యూజియమే. అక్కడ రద్దీ తక్కువ. లోవ్ బేర్ వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ మిల్లులు పెట్టింది, ఎవరు ఏ దేశానికి చేరారు, ఎవరు చేరలేదు, అంతా ఆ గదుల్లో ఉంది. చూశాక వెనక తలుపు తీసుకుని తోటలోకి రండి. రెండు ఇళ్ల మధ్య దారి మళ్లీ తెరిచారు. గ్రెటా పిల్లలు తాతగారింటికి దిగిన వాలే అది. ఎక్కడానికి పది నిమిషాలు చాలు, పైన గాజు ఇంటి టికెట్ మాత్రం ఇక్కడ బయల్దేరకముందే తీసి ఉంచుకోండి.